వెచ్చటి ఏప్రిల్ రోజున కేటీ-22: ఎప్పుడు ఎక్కాలి, ఎక్కడ ఆపాలి

నీలిగీత (గురువారం, సాయంత్రం 6:10)

అందరికీ నమస్కారం. ఈ శనివారం ముగ్గురం ఫ్రీమాంట్ నుంచి పాలిసేడ్స్ తాహో స్కీ రిసార్ట్‌కి వెళ్తున్నాం. గ్రూమ్ చేసిన (యంత్రంతో చదును చేసిన) బ్లాక్ డైమండ్లు, అంటే కష్టమైన దారులు, ముగ్గురికీ ఇబ్బంది లేదు. మొగల్స్ (వరసగా ఉండే మంచు గుట్టలు) మాత్రం అంతంతమాత్రం. శనివారం బేస్ దగ్గర పగలు 58 డిగ్రీల ఫారెన్‌హీట్, మబ్బు లేదు అంటున్నారు. అక్కడి కేటీ-22 కొండ లిఫ్ట్‌లో ఎక్కి, దాని మీది వెస్ట్ ఫేస్ అనే నిటారు దారి దిగాలని ఉంది. లిఫ్ట్ తెరవగానే ఎక్కితే మంచిదా, కాసేపు ఆగాలా? మంచు జావ అయిపోయాక నిటారు మొగల్స్‌లో ఎలా తిరగాలి? స్కీల అడుగున వ్యాక్స్ (మైనం) ఏది పెట్టాలి? దయచేసి వివరంగా చెప్పండి.

మంచుపలుకు (గురువారం, 6:48)

ముందు గడియారం సంగతి. డేలైట్ సేవింగ్ వల్ల తాహోలో ఏప్రిల్ నెల సూర్యుడు బాగా పైకి వచ్చేది పన్నెండుకి కాదు, దాదాపు ఒంటిగంటకి. ఉదయం 9 అంటే ఎండ లెక్కలో 8 అన్నమాట. అందుకే తెరవగానే ఎక్కినవాళ్లకి ఇంకా రాత్రి మంచే తగులుతుంది.

వసంతకాలపు మంచు పగలు కరిగి రాత్రి గడ్డకడుతుంది. ఇలా రోజుల తరబడి జరిగితే సూదుల్లాంటి పలుకులన్నీ అరిగి గుండ్రంగా, కల్లుప్పు రాళ్లలా తయారవుతాయి. రాత్రి ఆ పలుకుల్ని ఐసు అతికిస్తుంది, పగలు పైపొరలో ఆ అతుకు ముందుగా విడుతుంది. పైన రెండు మూడు సెంటీమీటర్లు విడిపోయి, కింద ఇంకా గట్టిగా ఉన్న ఆ గంట, గంటన్నర సమయమే మనకు కావలసింది. దాన్నే ఇక్కడ కార్న్ అంటారు. కింది గట్టిదనం కూడా పోతే అది జావ.

ఈ గడియ కొండంతా ఒకేసారి రాదు. తూర్పు చూసే వాలుకి ముందు, తర్వాత దక్షిణానికి, ఆ పైన పడమరకి, చివరికి ఉత్తరానికి వస్తుంది. కేటీ-22 ముఖం చాలా భాగం ఉత్తరం వైపు. డిసెంబరులో అక్కడ మధ్యాహ్నం సూర్యుడు 27 డిగ్రీల ఎత్తుకే వస్తాడు, 30 డిగ్రీల ఉత్తరపు వాలుకి ఎండే తగలదు. ఏప్రిల్ మధ్యలో 60 డిగ్రీలు దాటతాడు కాబట్టి అదే వాలుకి ఎండ పడుతుంది, కానీ ఏటవాలుగా, నెమ్మదిగా. పేరుకు తగ్గట్టే వెస్ట్ ఫేస్ పడమర వైపుకి ఒరిగి ఉంటుంది. దానికి పొద్దున ఎండే లేదు. కాబట్టి పొద్దున అక్కడికి వెళ్లకండి. పన్నెండున్నర ప్రాంతంలో మొదలుపెట్టండి.

మరి పొద్దున ఎక్కడ? అదే రిసార్ట్‌లో రెండో భాగమైన ఆల్పైన్ మెడోస్ వైపు షెర్‌వుడ్ లిఫ్ట్. కొండ వెనకవైపు, ఎండకు ఎదురుగా ఉంటుంది. అందరికన్నా ముందు మెత్తబడేది అదే.

ట్రక్కీదారి (గురువారం, 7:15)

మంచుపలుకు అక్క చెప్పిన వరస సరైనదే. ఒక్కటి కలుపుతాను. రాత్రి గడ్డకట్టిందో లేదో చూడకుండా ఈ లెక్కలేవీ వేయకండి. చాలామంది ఊళ్లోని కనిష్ఠ ఉష్ణోగ్రత చూసి సరిపెట్టుకుంటారు. మబ్బులేని రాత్రి చల్లగాలి లోయలోకి దిగి అక్కడే నిలుస్తుంది. పార్కింగ్ దగ్గర 27 ఫారెన్‌హీట్ ఉంటే 8,000 అడుగుల గట్టు మీద 38 ఉండొచ్చు. అందుకని శిఖరం దగ్గరి కొలత వేరుగా చూడండి.

అయినా 38 చూసి బెంబేలు పడనక్కర్లేదు. ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేసుకుంటుంది, గాలి 35–38 ఉన్నా పైపొర గడ్డకడుతుంది. అదే రాత్రంతా మబ్బు కమ్మి ఉంటే, 33 ఉన్నా సరిగ్గా గడ్డకట్టదు. అలాంటి రోజు పొద్దున 9కే జావ. ఆ రోజు నిటారు వాలుల ఆలోచన మానేసి గ్రూమ్ చేసిన దారుల్లో రెండు గంటలు తిరిగి వచ్చేయడం మేలు.

న్యూజెర్సీవైపు (గురువారం, 7:40)

డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) కూడా చూడండి, ఎవరూ చూడరు గానీ అసలు సంగతి అందులోనే ఉంటుంది. పగలు 58 ఉన్నా డ్యూ పాయింట్ 20 దగ్గర ఉంటే గాలి పొడిగా ఉన్నట్టు. మంచు మీది తడి ఆవిరైపోతూ మంచుని చల్లబరుస్తుంది, జావ ఆలస్యంగా వస్తుంది. డ్యూ పాయింట్ 32 దాటిందంటే గాలిలోని తేమ మంచు మీద నీరై దిగుతుంది, దిగుతూ దిగుతూ వేడిని మంచుకే ఇస్తుంది. మా వైపు వెర్మాంట్‌లోని కిల్లింగ్టన్ రిసార్ట్‌లో సూపర్‌స్టార్ అనే దారి మీద యంత్రంతో పేర్చిన మంచు మే దాకా నిలుస్తుంది. ఎండకి అంతగా తరగని ఆ గుట్ట పొగమంచు పట్టిన ఒక్క రాత్రికి కళ్లముందే తరిగిపోతుంది. తాహో ఉన్న సియెర్రా కొండల్లో గాలి సాధారణంగా పొడి కాబట్టి మీకు ఆ బాధ తక్కువ. గాలి వీస్తున్నా జావ ఆలస్యంగానే వస్తుంది. గంటకు 15 మైళ్ల గాలి ఉంటే మెత్తబడే సమయాన్ని ఇంకో అరగంట వెనక్కి జరపండి.

మంచుపలుకు (గురువారం, 7:52)

సరిగ్గా చెప్పారు. ఇక వాలు మీద నిలబడి చూసే పద్ధతి. పోల్ మొనని మామూలు బలంతో నొక్కండి. గీత మాత్రమే పడి గర్రుమంటే ఇంకా వేళ కాలేదు. రెండు నుంచి ఐదు సెంటీమీటర్లు దిగి కింద టక్కున ఆగితే అదే అదను. బాస్కెట్ (మొనకి కాస్త పైన ఉండే చక్రం) దాటి దిగిపోతే ఆ వాలుకి వేళ మించిపోయింది. స్కీలు విప్పి బూటుతో నిలబడితే చీలమండ దాకా దిగిందా, ఇక అక్కడ నిటారు పని పెట్టుకోవద్దు, నీడ ఎక్కువున్న వాలుకి మారండి.

చప్పుడు కూడా చెబుతుంది. గడ్డకట్టిన మంచు గరగరలాడుతుంది. కార్న్ మీద సన్నటి సర్రుమనే శబ్దం వస్తుంది. జావలో ఏ చప్పుడూ ఉండదు, కాళ్లకి బరువు తెలుస్తుంది.

మైనంపెట్టె (గురువారం, 8:30)

వ్యాక్స్ ప్రశ్న నాకు వదిలేయండి.

తడి మంచులో స్కీ పట్టేయడానికి రెండు కారణాలు. ఒకటి నీటి పొర. రెండు గాజుపలకల మధ్య నీటి చుక్క పడితే ఎలా అతుక్కుంటాయో, స్కీ అడుగుకీ మంచుకీ మధ్య అదే జరుగుతుంది. రెండోది మురికి. ఏప్రిల్ మంచులో పైన్ చెట్ల పుప్పొడి, దుమ్ము, యంత్రాల నూనె ఉంటాయి. అడుగున గోధుమరంగు జిడ్డు చారలు కనబడితే అదే. ఆ జిడ్డు మీద ఎంత ఖరీదైన మైనం పూసినా దండగ.

రేపు రాత్రి చేయాల్సింది ఇది. మెత్తటి, చవక మైనం ఒకటి కరిగించి అడుగంతా పూయండి. అది చల్లారక ముందే, వెచ్చగా ఉండగానే ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకేయండి. గీకుడులో మురికి బూడిదరంగుగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా రెండు మూడుసార్లు చేయండి. తర్వాత వెచ్చటి మంచుకి వాడే మైనం. చాలా కంపెనీలు దీన్ని పసుపురంగులో ఇస్తాయి, పొట్లం మీద 32 ఫారెన్‌హీట్ అంతకు పైన అని ఉంటుంది. ఇస్త్రీ వేడి పొట్లం మీద రాసినంతే పెట్టండి, సాధారణంగా 120 సెల్సియస్ దగ్గర. పొగ వస్తే వేడి ఎక్కువైనట్టు. ఇస్త్రీని ఎక్కడా ఆపకుండా ముక్కు నుంచి తోక దాకా ఒకే దిక్కున లాగండి. వెనకాల తడి మెరుపు నాలుగైదు అంగుళాలు ఉంటే వేగం సరిపోయినట్టు. అరగంట చల్లారనిచ్చి గీకండి.

అసలు తప్పు ఇక్కడే జరుగుతుంది. గీకడంతో ఆపేస్తారు. అడుగున సన్నటి గాళ్లు ఉంటాయి, నీరు పక్కలకి జారిపోవడానికి చెక్కినవి. మైనం వాటిలోనే నిండి ఉంటే అడుగు నున్నగా అద్దంలా అయి మంచుకి ఇంకా అతుక్కుంటుంది. ఇత్తడి బ్రష్‌తో ముక్కు నుంచి తోకకి పది పదిహేనుసార్లు, తర్వాత నైలాన్ బ్రష్. దీపం వెలుగులో వాలుగా పట్టి చూస్తే గాళ్లు విడివిడిగా కనబడాలి. ఫ్లోరిన్ కలిసిన పాత మైనం ఇంట్లో మిగిలి ఉన్నా పూయకండి. 2023–24 సీజన్ నుంచి అంతర్జాతీయ స్కీ సమాఖ్య పోటీల్లో దాన్ని పూర్తిగా నిషేధించింది. ఆ రసాయనాలు నీళ్లలో చేరితే పోవు.

నీలిగీత (గురువారం, 8:44)

చాలా థాంక్స్ అండి. ఒక స్కీ జత రెంటల్. వాటికి ఇంత చేయలేం కదా?

మైనంపెట్టె (గురువారం, 8:51)

వాటికి చేత్తో రుద్దే పేస్ట్ మైనం చాలు, జేబులో పెట్టుకోండి. అడుగుని పొడిగుడ్డతో బాగా తుడిచి, పూసి, నిమిషం ఆగి, కార్కుతో రుద్దండి. తడి మీద పూస్తే నిలవదు. రెండు గంటలకోసారి మళ్లీ. ఇంటికొచ్చాక ఎడ్జ్‌లు (స్కీల లోహపు అంచులు) తుడవకుండా సంచిలో పెడితే తెల్లారేసరికి తుప్పు.

వాలుబాట (గురువారం, 9:35)

ఇక దిగడం సంగతి. జావలో మొగల్స్ దగ్గర ఒకటి గమనించండి. ముందు దిగినవాళ్ల స్కీలు మెత్తటి మంచుని గాడిలోంచి తోసుకొచ్చి తర్వాతి గుట్ట పైవాలు మీద, అంటే మీకు ఎదురొచ్చే ముఖం మీద పోగేస్తాయి. గాడి అడుగు గట్టిగా, కొన్నిచోట్ల ఐసుగా మిగులుతుంది. గాడిలో పడి వెళ్తే వేగం ఆగదు. గుట్ట ఎదురుముఖం మీద ఉన్న ఆ మెత్తటి కుప్పే మీ బ్రేకు. స్కీలని దాని మీదికి నడిపించండి, తగిలే క్షణాన మోకాళ్లు పైకి మడవండి, గుట్ట నెత్తిన స్కీల ముక్కూ తోకా రెండూ గాల్లో ఉన్నప్పుడు తిప్పండి, దిగుతూ కాళ్లు చాపి మంచుని వెతుక్కోండి.

చలికాలపు అలవాట్లలో రెండు మార్చాలి. కింది స్కీ మీదే బరువంతా వేయకండి. జావలో బరువున్న స్కీ దిగబడుతుంది, ఖాళీ స్కీ వేరే దారి పడుతుంది. అరవై నలభైగా రెండింటి మీదా ఉంచండి. రెండోది, ఎడ్జ్ ఒక్కసారిగా కొరికించకండి. స్కీని చదునుగా ఉంచి, నెమ్మదిగా వంచుతూ గుండ్రంగా తిప్పండి. హఠాత్తుగా తిప్పితే తోక జావలో ఇరుక్కుంటుంది, మీరు మాత్రం తిరుగుతారు.

నీడ, ఎండ మారే గీతని దూరం నుంచే చూసి పెట్టుకోండి. నీడలోంచి ఎండలోకి వస్తుంటే స్కీ ఎవరో పట్టుకున్నట్టు ఆగుతుంది, మనిషి ముందుకు తూలతాడు. గీతకి ముందే ఒక పాదాన్ని అరబూటు ముందుకి జరిపి, చీలమండలు వంచి ఉండండి. ఎండలోంచి నీడలోకైతే మలుపు గీతకి ముందే ముగించండి, ఆవల ఐసు ఉండొచ్చు.

కొండగాలి (గురువారం, 9:58)

వాలుబాట గారూ, మొగల్స్‌లో మీరన్నది ఒప్పుకుంటాను. మొగల్స్ నడిస్థాయి వాళ్లకి మాత్రం వెస్ట్ ఫేస్ కంటే ముందు అదే కొండ మీద శాడిల్ అనే దారి నయం. గ్రూమ్ చేసిన రోజున కేటీ-22 మీంచి సులువుదారి అనదగ్గది అదొక్కటే. ఒకసారి అది దిగి, కాళ్లు, మంచు రెండూ చూసుకుని తర్వాత వెస్ట్ ఫేస్ అంచుకి వెళ్లండి. ఈ లిఫ్ట్ ఎక్కితే పైన ఆకుపచ్చ దారి, అంటే కొత్తవాళ్ల దారి, ఉండదన్న సంగతి ముగ్గురికీ ముందే తెలియాలి.

వాలుబాట (గురువారం, 10:12)

మంచి మాట, అలాగే చేయండి. పై అంచుకి వెళ్లాక భయమేస్తే తప్పించుకునే దారి కిక్ టర్న్, అంటే నిలబడిన చోటే స్కీల్ని ఒక్కొక్కటిగా ఎదురుదిక్కుకి తిప్పడం. ఆ కొండకి ఆ పేరు రావడానికి కారణమే రిసార్ట్ స్థాపకుల్లో ఒకరి భార్య శాండీ పౌల్సెన్ దాన్ని 22 కిక్ టర్న్‌లతో దిగడం. మొగల్స్‌లో 1998 నగానో ఒలింపిక్స్ స్వర్ణం గెలిచిన జానీ మోస్లీ పేరు మీద దారి ఉన్న కొండ కూడా అదే. అక్కడ కిక్ టర్న్ చేయడంలో చిన్నతనమేమీ లేదు.

చేసే పద్ధతి: వాలుకి సరిగ్గా అడ్డంగా ఆగండి, ముక్కులు కిందికీ వద్దు, పైకీ వద్దు. జావలో ముందు నాలుగైదుసార్లు తొక్కి గట్టి మెట్టు చేసుకోండి, లేకపోతే తిప్పే సగంలో కింద కాలు దిగబడుతుంది. రెండు పోల్స్‌నీ వెనక, పైవాలు వైపు గుచ్చి వాటి మీద ఆనుకోండి. కింది స్కీని ముందుకి ఊపి లేపండి, తోక రెండో స్కీ ముక్కు పక్కన మంచులో నిలబడాలి. అక్కడి నుంచి ఆ స్కీని బయటికి వాల్చి, ఎదురుదిక్కున, మళ్లీ వాలుకి అడ్డంగా పెట్టండి. ఇప్పుడు పాదాలు రెండూ చెరో దిక్కు చూస్తుంటాయి. కింది స్కీ ఎడ్జ్ పట్టిందని తేలాకే బరువు దాని మీద వేసి రెండోదాన్ని తిప్పండి. ఆ ఒక్క క్షణం తొందరపడితేనే పడతారు. శుక్రవారం ఇంట్లో తివాచీ మీద బూట్లు, స్కీలు వేసుకుని పదిసార్లు చేయండి.

మంచుపలుకు (శుక్రవారం, ఉదయం 7:20)

పడటం గురించి కూడా చెప్పుకోవాలి. పొద్దున గడ్డ మీద పడితే జారిపోవడమే ప్రమాదం. నిటారుగా ఉంటే వేగం క్షణాల్లో పెరుగుతుంది. వెంటనే కాళ్లు కిందికి తిప్పి స్కీల ఎడ్జ్ అడ్డంగా పెట్టండి. స్కీలు ఊడిపోతే బోర్లా తిరిగి, చేతులతో ఛాతీని పైకి నెట్టి బూటు మొనలు గుచ్చండి. వెచ్చగా ఉందని పొట్టి నిక్కరు, పొట్టి చేతులతో వెళ్తారు కొందరు, ఆ గడ్డ ఉప్పుకాగితంలా చర్మం లేపేస్తుంది.

మధ్యాహ్నం జావలో ప్రమాదం వేరు. అక్కడ మోకాలు. నెమ్మదిగా, మెలితిరుగుతూ పడతాం, బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ విడిపోయేంత దెబ్బ తగలదు, స్నాయువు తెగుతుంది. వెనక్కి వాలి, పిరుదులు మోకాళ్ల కన్నా కిందికి వెళ్లి, కొండవైపు చెయ్యి వెనక్కి పోయిందంటే ఆ స్థితి వచ్చేసినట్టే. చేతులు ముందుకు, పాదాలు దగ్గరికి, అరచేతులు స్కీల మీదికి. ఇది గుర్తుంచుకోండి. లేవలేమని తెలిస్తే జారనివ్వండి, పూర్తిగా ఆగేదాకా లేవడానికి ప్రయత్నించకండి.

"బైండింగ్ ఊడిపోతోంది" అని డిన్ అంకె (బైండింగ్ ఎంత బలానికి విడవాలో చెప్పే అంకె) పెంచకండి. ఊడటానికి కారణం చాలాసార్లు బూటు కింద అంటుకున్న తడిమంచు. అది బైండింగ్ లోహం మీద ఐసుగా మారి బూటుని రెండు మిల్లీమీటర్లు లేపుతుంది, మడమ సరిగ్గా కూర్చోదు. ప్రతిసారీ పోల్ మొనతో బూటు అడుగు గీకి, బైండింగ్ అంచుకి రుద్ది, అప్పుడు తొక్కండి. మడమ లివర్ పూర్తిగా పైకి లేచిందా లేదా చూడండి.

ట్రక్కీదారి (శుక్రవారం, 12:35)

తడి అవలాంచ్ (మంచుచరియ) సంగతి మరవొద్దు. 2024 జనవరి 10న తుపానులో ఇదే కేటీ-22 మీద అవలాంచ్ జారి ఒకరు చనిపోయారు. అది కొత్త పొడిమంచు వల్ల జరిగింది. వసంతంలో వచ్చేది వేరు, దాని రాక కళ్లకి కనబడుతుంది. బండల కింద నుంచి మంచు ఉండలు దొర్లడం మొదలై, చుట్టలు చుట్టుకుంటూ పెద్దవవుతుంటే ఆ వాలు వదిలేయండి. నిటారు జావలో మీ మలుపుతో రేగిన మంచు మీ వెనకే వస్తుంది. నాలుగైదు మలుపులకోసారి పక్కకి తప్పుకుని దాన్ని ముందుకి పోనివ్వండి. సరిగ్గా వాలుకింద ఆగి ఫోన్ తీయకండి.

గట్టు అంచున వేలాడే మంచు చూరు కిందా, మీదా నిలవొద్దు. బండల పక్కన, చెట్ల మొదళ్ల దగ్గర మంచు డొల్లగా ఉంటుంది, రెండు మీటర్లు ఎడం. తాడు కట్టి మూసిన చోటికి ఎవరు వెళ్తున్నా వెళ్లకండి. పైనుంచి మంచిగా కనబడే వాలు సగంలో గడ్డి, రాళ్లు తేలి ఉండటం వల్లే చాలాసార్లు ఆ తాడు.

నీలిగీత (శుక్రవారం, రాత్రి 9:05)

అందరూ చెప్పింది ముగ్గురం చదివాం. స్కీల పని అయింది, గీకుడు మొదటిసారి నిజంగానే బూడిదరంగులో వచ్చింది. రాత్రికి మబ్బు లేదు. శిఖరం దగ్గర కనిష్ఠం 34, రేపటి డ్యూ పాయింట్ 22, గాలి 5–10 మైళ్లు. మా లెక్క ఇది: 9:30 నుంచి షెర్‌వుడ్, 11 తర్వాత ఆల్పైన్ ముందువైపు వాలులు, పన్నెండుకి రెండు వైపులనీ కలిపే గొండోలాలో (తీగ మీద నడిచే పెట్టెల్లో) కేటీ-22 వైపు వచ్చి ఒకసారి శాడిల్, ఆ తర్వాత వెస్ట్ ఫేస్. సరేనా?

మంచుపలుకు (శుక్రవారం, 9:22)

సరిగ్గా ఉంది. 34 అయినా ఆకాశం నిర్మలం, గాలి పొడి, గడ్డకడుతుంది. షెర్‌వుడ్‌లో పది దాకా గీతలే పడుతుంటే లిఫ్ట్ పక్కన ఆగి వేచి ఉండండి, కోపంతో ఎక్కేయకండి. గొండోలా కొండ ఇటుపక్కకి పదహారు నిమిషాలు. గాలి పెరిగితే ఆపేస్తారు, అందుకని పదకొండున్నరకే నడుస్తోందా అని అడగండి. వెస్ట్ ఫేస్‌కి రెండు దిగుడులు చాలు. రెండోసారి కాళ్లు వణికితే మూడోది పెట్టుకోవద్దు. అలసిన కాలికే మోకాలు పోతుంది.

కొండగాలి (శుక్రవారం, 9:40)

నీళ్లు తలా రెండు లీటర్లు. ముక్కుపుటాల కింద, గడ్డం కింద సన్‌స్క్రీన్, కింది నుంచి వచ్చే వెలుగుకి కాలేది అక్కడే. గాగుల్స్‌కి ముదురు అద్దం. రెండో జత గ్లోవ్స్ తప్పకుండా తీసుకెళ్లండి. మొదటి జత షెర్‌వుడ్‌లోనే తడిసిపోతుంది, తడి గ్లోవ్‌లో పోల్ జారితే వెస్ట్ ఫేస్ మీద కిక్ టర్న్ చేయలేరు.